కొట్టిన చేతినే వెతికే పసితనం

‘మొక్కై వంగనిది మానై వంగునా?’ అన్న సామెత తెలుగునాట వినని వారుండరు. మొక్కను వంచడమంటే దానికి ఊతకర్ర నాటి, నీరు పోసి, వెలుగువైపు మళ్ళించడం. ఆ వంచడాన్ని విరిచివేయడంగా పొరబడిన పెద్దల చేతుల్లో ఎందరో పసివారి బాల్యం నలిగిపోతున్నది.

2007లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ ఒక అధ్యయనాన్ని వెలువరించింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలలో 12,447 మంది బాలబాలికలను ప్రశ్నించగా, ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురైనట్లు తేలింది. కుటుంబంలో దెబ్బలు తిన్నవారిలో 88.6 శాతం మందిని కొట్టినది తల్లిదండ్రులే. భయం వీధిలో ఉంటే బిడ్డ ఇంట్లోకి పరుగెత్తవచ్చు. ఇంట్లోనే ఉంటే ఎక్కడికి పోగలదు?

శిశువు ఎదుగుదలకు పాలు, అన్నం ఎంత అవసరమో, ఎడతెగని ఆత్మీయ సాన్నిహిత్యం కూడా అంతే అవసరమని బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమర్పించిన నివేదికలో వివరించాడు. భయం కలిగినప్పుడు తల్లిదండ్రులను ఆశ్రయించడం శిశువుకు ప్రకృతి నేర్పిన రక్షణ. కొట్టే తల్లి, తిట్టే తండ్రి విషయంలో ఆ రక్షణ తలక్రిందులవుతుంది. అటువంటి శిశువులు కొందరు తల్లి వైపు రెండడుగులు వేసి, అంతలోనే కొయ్యబారి నిలిచిపోవడాన్ని 1980వ దశకంలో మేరీ మెయిన్, జూడిత్ సోలమన్ గుర్తించారు. ఓదార్పు కోరవలసిన ఒడియే భయానికి మూలమైతే, ఆ పసిమనస్సుకు ముందుకు దారి లేదు, వెనుకకు దారి లేదు.

ఈ సందిగ్ధం బిడ్డ జీవితమంతటా వ్యాపిస్తుంది. నిద్ర చెదురుతుంది. చదువుపై మనస్సు నిలువదు. ఒక బిడ్డ తోటివారిపై తిరగబడితే, మరొక బిడ్డ మాట్లాడడమే మానివేస్తుంది. ఆ మౌనాన్ని చూసి పెద్దలు బుద్ధిమంతురాలని మెచ్చుకుంటారు. ఆకలి వేళకు అన్నం పెట్టక, ఏడ్చినా పలుకక నిర్లక్ష్యం చేసిన బిడ్డ గాయమూ ఇటువంటిదే. అయితే అది కంటికి కనిపించదు.

‘మేమూ దెబ్బలు తిన్నాము, బాగుపడలేదా?’ అని వాదించేవారున్నారు. వారు బాగుపడినది దెబ్బల వల్లనా, లేక ఆ ఇంట్లోనే అక్కున చేర్చుకున్న అమ్మమ్మ, కన్నీరు తుడిచిన మేనమామ వంటివారి వల్లనా అని ఆలోచించాలి. అటువంటి ఆసరా ప్రతి బిడ్డకూ దొరకదు.

చెడిన బంధం బాగుపడదనుకోవడమూ పొరపాటే. అమెరికాలోని రోచెస్టర్ నగరంలో హింస, నిర్లక్ష్యం ఉన్న కుటుంబాలకు చెందిన ఏడాది వయస్సు శిశువులపై జరిగిన అధ్యయనం 2006లో వెలువడింది. నిపుణులు దాదాపు ఏడాదిపాటు వారి ఇళ్ళకు వెళ్ళారు. కొందరు తల్లులకు శిశుపోషణ మెలకువలు నేర్పారు. మరికొందరిని బిడ్డతో కలిపి కూర్చోబెట్టి, వారి సొంత బాల్యపు చేదు అనుభవాలు నేటి ప్రవర్తనను ఎలా శాసిస్తున్నాయో తెలియజెప్పారు. ఈ రెండు పద్ధతులలోనూ సగానికి పైగా శిశువులకు తల్లిపై నమ్మకం కుదిరింది. సాధారణ సేవలు మాత్రమే అందిన కుటుంబాలలో అలా కుదిరినవారు రెండు శాతమైనా లేరు.

అయితే బంధం పేరిట బిడ్డను ప్రమాదంలో విడిచిపెట్టరాదు. మొదట రక్షణ, పిదప సంస్కరణ. పిల్లలపై క్రూరత్వాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం శిక్షార్హమైన నేరంగా పేర్కొన్నది. ఆశ్రమాలకు పంపడం చివరి మార్గం కావాలని కూడా నిర్దేశించింది. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో ప్రారంభమైన పరిశోధన ఇందుకు బలాన్నిస్తుంది. అనాథాలయాల నుండి పెంపక కుటుంబాలకు చేరిన పిల్లలలో, రెండేళ్ళు నిండకముందే చేరినవారు మరింతగా కోలుకున్నారు. కన్న ఒడి కరవైనచోట మరొక ఒడి త్వరగా దొరకాలి.

పొరుగింటి నుండి పసిబిడ్డ ఆర్తనాదం వినిపించినప్పుడు ‘అది వారింటి వ్యవహారం’ అని తలుపు మూసుకోవడం సభ్యత అనిపించుకోదు. 1098కి ఫోన్ చేయడం ఆ బిడ్డకు రక్షణ, ఆ తల్లిదండ్రులకు దిద్దుకునే అవకాశం. కొట్టిన చేతినే వెతుక్కునే బిడ్డకు, ఆ చెయ్యి ఒకనాటికైనా నిమిరే చెయ్యిగా మారేటట్లు చూడడం సమాజం తీర్చవలసిన ఋణం.