తెలియని దానికొక పేరు పెట్టుదము



మన రైతులు నోటిలెక్కలయందు అసమర్థులు కారు. బెల్లపు తూకమును, కూలీల బత్తెమును కాగితము లేకయే చెప్పగలరు. అయినను లెక్క తలక్రిందైనపుడు, అనగా ఫలితము తెలిసి మూలము తెలియనపుడు, తడబడి నష్టపోవుచున్నారు. ఇందులకు మందు సమీకరణము. అది బడిపిల్లల చదువని త్రోసిపుచ్చుట తగదని నా యభిప్రాయము.

నర్సీపట్నము ప్రాంతపు రైతొకడు నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు ఆరు మాసముల గడువున అప్పు చేసెననుకొందము. ఋణదాత వడ్డీ 1,800 రూపాయలు ముందుగనే మినహాయించుకొని 8,200 రూపాయలు చేతబెట్టును. గడువున 10,000 చెల్లింపవలెను. "ఎప్పుడిచ్చినను మూడు రూపాయల వడ్డీయే కదా" యని రైతు సమాధానపడును. కాని వానికి ముట్టినది 82 వందలు మాత్రమే. అసలు వడ్డీ మనకు తెలియదు. దానికి "వ" యని పేరు పెట్టుదము. 82 వందలకు, 6 నెలలకు, వడ్డీ 1,800.

82 × 6 × వ = 1,800

అనగా 492 వ = 1,800. కావున వ = 3.66. నూటికి నెలకు 66 పైసలు చాటున పోయినవి.

ఇక ఎరువుల సంగతి. ఎకరమునకు 46 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరము వేయవలసి యున్నదనుకొందము. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో భాస్వరము 23 కిలోలును, నత్రజని 9 కిలోలును గలవు. ఈ 9 కిలోలను మరచినవారు 100 కిలోల యూరియా చల్లుదురు. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు. కావలసిన యూరియాను "య" యందము.

9 + 0.46 య = 46

య యించుమించు 80 కిలోలు. ఇరువది కిలోల వెల మిగిలినది. పైరునకు అతిపోషణ దోషమును తప్పినది.

ఇది పరాయి విద్య కాదు. 12వ శతాబ్దమున భాస్కరాచార్యులు తన బీజగణితమున తెలియని రాశికి "యావత్తావత్తు" అని పేరిడి, "యా" యను అక్షరముతో గుర్తించెను. "ఎంతయో అంత" యని దాని భావము. అంతకు పూర్వపు మహావీరాచార్యుల గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలో మనకొసగెను.

చేతిలో సెల్‌ఫోను ఉండగా ఈ శ్రమ యేలయని కొందరందురు. ఫోను భాగించును, హెచ్చించును. కాని దేనిని దేనితో భాగింపవలెనో అది యెరుగదు. ఆ యొక్క పంక్తి వ్రాయుట మన పని.

కావున సంఘ సమావేశము జరిగిన ప్రతిమారు ఒక సభ్యుని లెక్కనైనను నల్లబల్లపై సమీకరణముగా వ్రాసి చూపవలెనని ప్రార్థించుచున్నాను. చదువు రాని పెద్దల కడ బడికి పోవు మనుమలు కూర్చుండి వ్రాయవచ్చును. నోటుపై సంతకము చేయుటకు ముందు ఒక పంక్తి వ్రాయుడు. సంతకము తరువాత వ్రాసిన లెక్క దుఃఖమునకే గాని లాభమునకు గాదు.

ఇట్లు,
వ్యవసాయ ప్రదర్శకుడు, నర్సీపట్నము