డప్పు ఎక్కడ కొట్టాలి?

పల్లెటూళ్ళలో చాటింపు వేసే మనిషికి ఒక పద్ధతి ఉండేది. ఊరి మధ్య ఒక్కచోట నిలబడి గొంతు చించుకునేవాడు కాడు. రచ్చబండ దగ్గర ఒకసారి, చెరువుగట్టున ఒకసారి, ప్రతి వీధి మొగలోనూ ఒకసారి ఆగేవాడు. డప్పు మీద నాలుగు దెబ్బలు వేసి, నలుగురూ తలుపులు తీసి బయటికి వచ్చిన తరవాత చెప్పవలసిన నాలుగు ముక్కలూ చెప్పి ముందుకు సాగేవాడు. వినవలసిన వాళ్ళెవరో తెలుసుకోవటం, వాళ్ళున్న చోటికే పోవటం, వాళ్ళు చెవి ఒగ్గిన తరవాతనే నోరు విప్పటం – ఇంతే గదా! ఈనాడు ప్రకటనల శాస్త్రం అంటూ పెద్ద చదువుల్లో చెబుతున్న దాంట్లో సగం ఆ డప్పులోనే ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, మన మధ్యతరగతి ఇళ్ళల్లో చిన్న చిన్న వ్యాపారాలు పెట్టుకునే వాళ్ళు కనబడుతూనే ఉన్నారు. ఒకావిడ పచ్చళ్ళు పెడుతుంది, ఒకాయన పిల్లలకు లెక్కలు చెబుతాడు, మరొకరు కుట్టుమిషను ముందు కూర్చుంటారు. సరుకుకూ, అద్దెకూ, అడ్వాన్సుకూ పోగా ప్రకటనకు మిగిలేది అరకొర డబ్బు. ఆ అరకొర డబ్బు మీదనే పదిమంది కన్ను. బోర్డులు రాసేవాడొకడు, కరపత్రాలు అచ్చువేసేవాడొకడు, ఆటోకు మైకు కట్టి తిప్పుతాననేవాడు మరొకడు. ఎవరి సాధనం వారికి బంగారం.

మా కాలేజీలో చదివిన అమ్మాయి ఒకతె తెనాలి చెంచుపేటలో ఒక సందులో జాకెట్లు కుట్టే దుకాణం పెట్టుకున్నది. భర్త పనిచేసే కంపెనీ మూతబడింది. మెళ్ళో గొలుసు బ్యాంకులో పెట్టి రెండు మిషన్లు కొన్నది. అన్నీ పోను చేతిలో నిలిచింది 10,000 రూపాయలు. ఆ డబ్బు ఊరికే పోతే మళ్ళీ తెచ్చుకునే దారి లేదు, మిషన్లు అమ్ముకోవలసిందే. ఒక ఆదివారం ఇంటికి వచ్చి కూర్చున్నది.

“మేష్టారూ, పెద్ద రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టిస్తామంటున్నారు. కేబుల్ టీవీలో నెల రోజులు అడుగున అక్షరాలు తిప్పుతామంటున్నారు. మా తమ్ముడేమో ఇన్‌స్టాగ్రాంలో పెట్టమంటాడు. ఏది మంచిదంటారు?”

“అన్నీ మంచివేనమ్మా. ముందు ఇది చెప్పు. నీ దగ్గర జాకెట్టు కుట్టించుకోవటానికి ఎంత దూరం నించి వస్తారు?”

కాస్త ఆలోచించింది. “మైలు, మైలున్నర లోపు వాళ్ళేనండీ. కొలతలివ్వటానికి ఒకసారి, తీసుకుపోవటానికి ఒకసారి, చంక దగ్గర బిగువైతే మళ్ళీ ఒకసారి రావాలి గదా!”

“మరి పెద్ద రోడ్డు మీద గుంటూరు బస్సులో పోయేవాళ్ళకు నీ బోర్డు ఎందుకమ్మా?”

ఆ అమ్మాయి నవ్వింది. సగం చిక్కు అక్కడే విడిపోయింది.

ఏ సాధనం మంచిదని అడగటం, ఏ మందు మంచిదని అడగటం వంటిది. రోగమేదో తెలియనిదే మందేమిటి? కొనేవాళ్ళెవరు, ఎంత దూరంలో ఉంటారు, ఏ రోజుల్లో కొంటారు – ఈ మూడూ ముందు కాగితం మీద రాసుకోవాలి. ఆ తరవాతనే డబ్బు సంచి మూతి విప్పాలి. మన వీధి వాళ్ళకు చెప్పవలసిన మాటను జిల్లా అంతటికీ చెబితే, వినని వాళ్ళ చెవులకు కూడా మనమే కూలి ఇచ్చినట్టు.

ఈ కీలకం పత్రికలవారికి బాగా తెలిసింది. లోగడ ఒక అచ్చుకేంద్రం నించి వచ్చే దినపత్రిక అనేక జిల్లాలకు పోయేది. ఒక ఊళ్ళో చెప్పుల దుకాణం వాడు అన్ని జిల్లాల పాఠకులకూ డబ్బు పెట్టలేక ఊరుకునేవాడు. 1974లో విశాఖపట్నంలో పుట్టిన ‘ఈనాడు’ 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. తన జిల్లా వరకే ప్రకటన వేసుకునే వీలు రావటంతో చిన్న వర్తకుడికి కూడా పత్రిక గడప తొక్కే ధైర్యం వచ్చింది. ఇప్పుడు చేతిలోని ఫోను ఆ గీతను ఇంకా దగ్గరికి గీసింది. ఫేస్‌బుక్కులోనూ, ఇన్‌స్టాగ్రాంలోనూ ఫలానా ఊరి చుట్టూ ఇన్ని మైళ్ళలో ఉన్న ఆడవాళ్ళకే చూపించమని చెప్పవచ్చు. రోజుకు సగటున ఇంత ఖర్చు పెట్టమనీ చెప్పవచ్చు. అయితే ఒక్క హెచ్చరిక. బొమ్మ బాగున్నదని ‘లైకు’ నొక్కినవాళ్ళు వేయిమంది ఉన్నా, వాళ్ళెవరూ జాకెట్టు గుడ్డ పట్టుకు రాకపోతే అది మెప్పు మాత్రమే, బేరం కాదు.

అదే పచ్చళ్ళ వ్యాపారమయితే లెక్క తిరగబడుతుంది. ఆవకాయ సీసాకు మైలున్నర హద్దు లేదు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కుర్రవాడూ, బెంగుళూరులో కాపురమున్న అమ్మాయీ కొనేవాళ్ళే. వాళ్ళకు తెనాలి గోడ మీద రాత కనబడదు, ఫోనులో బొమ్మ కనబడుతుంది. లెక్కలు చెప్పే మాస్టారికి మళ్ళీ వేరు. ఆయనకు జూన్‌లో బడి గేటు దగ్గర పంచే కరపత్రం ముఖ్యం. డిసెంబరులో పంచితే చెవిటివాని ముందు శంఖం. ఒకరికి కలిసివచ్చిన దారిలో మరొకరు కళ్ళు మూసుకు నడవకూడదనటానికి ఇంతకన్న నిదర్శనం ఏం కావాలి?

కాలం మాట వచ్చింది గనుక చెబుతున్నాను. జాకెట్లు కుట్టే వారికి అసలైన పంట శ్రావణమాసం. పెళ్ళిళ్ళూ, పేరంటాలూ, వరలక్ష్మీ వ్రతం. ఆషాఢంలో గుడ్డల కొట్లవాళ్ళు ధరలు తగ్గించి అమ్ముతారు. ఆడవాళ్ళు అప్పుడు కొని బీరువాలో పెట్టుకుంటారు. అంచేత కరపత్రం ఆ ఇంటికి చేరవలసింది ఆషాఢంలో, చీర కొత్త మడతల్లో ఉన్నప్పుడు. శ్రావణ శుక్రవారం నాడు చేరితే, ఆ జాకెట్టు అప్పటికే మరో దర్జీ చేతిలో ఉంటుంది.

ఇహ ఖర్చు పంపకం. ముందుగా డబ్బు పెట్టనక్కరలేనివి చూసుకోవాలి. గూగుల్ పటంలో దుకాణం పేరూ, చోటూ, పని వేళలూ నమోదు చేసుకోవటానికి రుసుము లేదు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో కుట్టిన జాకెట్ల ఫోటోలు, కూలి రేట్లు వరుసగా పెట్టుకోవచ్చు. ఇవి ఒక పూట పని. ఆ తరవాత 10,000 రూపాయలను ఇలా పంచుకున్నాము. సొంత గుమ్మం మీద ఒక బోర్డు, యజమానిని అడిగి సందు మొగలో బాణం గుర్తుతో మరొక చిన్న బోర్డు – వీటికి 2,500. కరపత్రాలకూ, పంచే కుర్రాళ్ళకూ 2,000. ఫోను ప్రకటనకు 1,500. మాదిరి జాకెట్లకు 1,500. మిగతా 2,500 పెట్టెలోనే ఉండాలి. ఏ దారిన మనుషులు వస్తున్నదీ తెలిసిన తరవాత ఆ దారికే దాన్ని ఖర్చుపెట్టాలి. ఉన్నదంతా మొదటిరోజే ఒక్క గుర్రం మీద పెట్టేది వ్యాపారం కాదు, జూదం.

మాదిరి జాకెట్లు అంటే విడ్డూరంగా తోచవచ్చు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. సంగీత కచేరీలలో దాన్ని ఉచితంగా పంచిపెట్టేవారన్నది ప్రసిద్ధమైన సంగతి. వాడి చూస్తే సరుకే మాట్లాడుతుందన్న నమ్మకం ఆయనది. 1908లో ఆంధ్రపత్రికను స్థాపించిన ఆయనకే అచ్చు అక్షరం కంటె ముందు అనుభవం మీద గురి ఉన్నదంటే మనం గమనించవలసిందే. జాకెట్టు విషయంలో ఆ పని చేయగలిగేది నలుగురిలో తిరిగే మనిషి. బళ్ళో పంతులమ్మ గారికీ, భజన మండలి నడిపే ఆవిడకూ సగం కూలికి ఒక్కొక్కటి చక్కగా కుట్టి ఇస్తే, ఆ జాకెట్టు వారానికి ఎంతమంది కళ్ళల్లో పడుతుందో! “ఎవరు కుట్టారండీ?” అని ఎవరైనా అడిగితే చాలు.

ప్రకటనల మీద పెట్టే డబ్బులో సగం వృథా, ఏ సగమన్నదే తెలియదని వర్తకుల్లో ఒక పాత మాట ఉన్నది. తెలుసుకోవటానికి ఉపాయం లేకపోలేదు. అమెరికాలో క్లాడ్ హాప్కిన్స్ అనే ఆయన 1923లో ప్రకటనల శాస్త్రం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. ప్రకటనలో కూపను పెట్టి, ఏ ప్రకటనకు ఎన్ని తిరిగివచ్చినవో లెక్కించి, రాని దాన్ని మానెయ్యమన్నాడు. చిన్న దుకాణానికి అంత తతంగం అక్కరలేదు. ఒక పేటలో పసుపు కాగితం, మరో పేటలో గులాబి రంగు కాగితం పంచి, తెచ్చినవారికి పది రూపాయలు తగ్గిస్తే ఏ పేట పలికిందో తెలిసిపోతుంది. కొలతలు తీసే ముందు “మా దుకాణం సంగతి ఎవరు చెప్పారమ్మా?” అని అడిగి, నోటుబుక్కులో ఒక గీత గీసుకుంటే మిగతాది తెలుస్తుంది. ఈ ఒక్క ప్రశ్నకు ఖర్చు లేదు.

గీతలు లెక్కపెట్టిన తరవాత కూడిక, తీసివేత. కరపత్రాలకు పెట్టిన 2,000 రూపాయలకు పదిమంది వచ్చారనుకుందాం. మనిషికి 200 పడింది. ఒక జాకెట్టు మీద దారం, హుక్కులు, కరెంటు, అద్దె పోను 120 మిగులుతుందనుకుందాం. మొదటి జాకెట్టుకు 80 నష్టమే! అదే మనిషి పండక్కి మరి మూడు జాకెట్లు ఇస్తే 360 వస్తుంది. నష్టం పూడి, 280 చేతికి మిగులుతుంది. అంటే ప్రకటనకు పెట్టిన డబ్బు తిరిగివచ్చేది మొదటి రాకలో కాదు, రెండో రాకలో. మొదటిసారి రప్పించేది ప్రకటన. రెండోసారి రప్పించేది కత్తెర.

అందుకనే చెయ్యగలిగినంత పనికి మించి డప్పు కొట్టకూడదు. ఇద్దరు మనుషులు రోజుకు ఆరు జాకెట్లు కుట్టగలరనుకుంటే, వ్రతానికి ముందు పదిహేను రోజుల్లో 90 అవుతవి. వచ్చాయి గదా అని 150 గుడ్డలు పుచ్చుకుంటే, అరవైమంది ఇల్లాళ్ళకు “రేపు రండి” అని చెప్పవలసివస్తుంది. దర్జీ వారి ‘రేపు’ ఎలాటిదో మన పాఠకురాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు! పండగపూట పాత జాకెట్టు తొడుక్కున్న ఆవిడ ఆ సంగతి ఊరికే ఉంచుకోదు. ఆవిడ వేసే చాటింపు ముందు మన కరపత్రాలు ఏపాటి? తొంభై నిండగానే, “ఇక వ్రతం తరవాతనేనమ్మా” అని నవ్వుతూ చెప్పగలగటం కూడా ఒక ప్రకటనే.

అబద్ధపు ప్రకటన సంగతి చెప్పనే అక్కరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనలకు పది లక్షల రూపాయల దాకా జరిమానా వేసే వీలు కల్పించింది. చిన్న ఊళ్ళో చట్టం వచ్చేదాకా కూడా ఆగదు. “ఒక్క రోజులో కుట్టి ఇవ్వబడును” అని బోర్డు మీద రాసి నాలుగు రోజులు తిప్పితే, ఆ బోర్డే మన మీద సాక్ష్యం చెబుతుంది. నాలుగు రోజులని రాసి మూడో రోజున ఇస్తే, అదే బోర్డు మన తరఫున పలుకుతుంది.

ఆ అమ్మాయి నోటుబుక్కు మొన్న చూశాను. పసుపు కాగితానికి గీతలున్నవి, గులాబి కాగితానికి బహు స్వల్పం, ఫోనుకు కొన్ని. వీటన్నిటికన్న పొడుగ్గా సాగిన వరుస పైన “పక్కింటావిడ చెప్పింది” అని రాసి ఉన్నది. పెట్టెలో దాచిన 2,500తో ఏం చెయ్యాలో ఆ వరుసే చెప్పింది. అందులో కొంత పెట్టి ఒక కాజాల మనిషిని సాయం పెట్టుకున్నది, చెప్పిన రోజుకు జాకెట్టు ఇవ్వటానికి.

కొత్తగా దుకాణం తెరిచేవారు ముందు ఈ లెక్క చూసుకుని తరవాత ఫ్లెక్సీల వాణ్ణి పిలవటం మంచిది. గుమ్మంలోకి వచ్చిన మొదటి మనిషిని రెండోసారి రప్పించగలిగితే, మూడో మనిషిని ఆవిడే వెంటబెట్టుకు వస్తుంది. ఆ చాటింపుకు ఎవరికీ కూలి ఇవ్వనక్కరలేదు.