గడ్డిపరకను కదలించలేని వాయువు

1975లో మార్వెల్ సంస్థ వెలువరించిన ఎక్స్‌మెన్ కామిక్ పుస్తకంలో ‘స్టార్మ్’ అనే నాయిక తొలిసారి కనిపించింది. కథకుడు లెన్ వీన్, చిత్రకారుడు డేవ్ కాక్రమ్ సృష్టించిన పాత్ర అది. సంకల్పమాత్రాన మేఘాలను రప్పించడం, పిడుగులను కురిపించడం, ఝంఝామారుతాన్ని ఆపివేయడం ఆమె శక్తులు. ఇటువంటి ప్రకృతివశీకరణం విజ్ఞానశాస్త్రరీత్యా సంభవమేనా అన్న వాదం ఆ కథల పాఠకులలో నేటికీ సాగుతూనే ఉన్నది. సంభవం కాదని ఒక పక్షం. సంభవమేనని, పతంజలి చెప్పిన భూతజయం అదేనని, మన ఋషులకు తెలిసినదానినే పాశ్చాత్యులు బొమ్మలుగా గీశారని ఆస్తికులలో కొందరి పక్షం. ఈ రెండవ పక్షం వినడానికి ఇంపుగా ఉంటుంది. కానీ అది శాస్త్రానికీ న్యాయం చేయదు, శ్రుతికీ న్యాయం చేయదు.

ఈ వాదం అన్యత్ర వినోదం కావచ్చు. కోనసీమలో మాత్రం కాదు. 1995 జనవరి 8న రాజోలు ప్రాంతంలోని పాశర్లపూడి వద్ద సహజవాయువు బావి విస్ఫోటం చెంది అగ్నిస్తంభమై నిలిచింది. పరిసర గ్రామాల ప్రజలు ఇళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆ అగ్నిని శాంతింపజేయడానికి 65 రోజులు పట్టింది. రెండేళ్లైనా గడవకముందే 1996 నవంబరు 6 సాయంకాలం మహావాయువు వచ్చింది. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ తుపాను ఒక్క రాత్రిలో లక్షలాది కొబ్బరిచెట్లను నేలకూల్చింది. వేయిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. చేపలవేటకు వెళ్లిన అనేకులు తిరిగి రాలేదు. అగ్ని, వాయువు అనే రెండు భూతాల ప్రతాపాన్ని వెంటవెంటనే చూసిన నేల ఇది. సముద్రం నుండి కుమారుడు తిరిగిరాని తల్లి ‘గాలిని ఆపగల సిద్ధపురుషుడు ఒక్కడూ లేకపోయాడా?’ అని అడిగితే, ఆ ప్రశ్నకు కామిక్ పుస్తకపు సమాధానం చెల్లదు. ఉన్నాడని అంటే, ఎందుకు ఆపలేదన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. లేడని అంటే, పురాణాలన్నీ అసత్యమా అన్న సందేహం కలుగుతుంది. ఈ ఉభయసంకటం నుండి బయటపడాలంటే మొదట లెక్కను చూడాలి, పిదప శ్రుతిని చూడాలి.

లెక్క ఇది. ఒక చదరపు కిలోమీటరు నేలపై ఒక సెంటీమీటరు వర్షం కురిసిందనుకుందాం. ఆ నీటి బరువు పదివేల టన్నులు, అనగా కోటి కిలోలు. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 25 లక్షల జౌళ్ల గుప్తోష్ణం కావాలి; ఆవిరి తిరిగి నీటిబిందువైనప్పుడు అంత ఉష్ణమూ వెలువడుతుంది. మానవుడు ఒక దినంలో ఆహారం వలన పొందే శక్తి సుమారు 84 లక్షల జౌళ్లు. అనగా ఆ చిన్న వానకు కావలసిన నీటిని ఒక దేహం తన శక్తితోనే ఆవిరిగా మార్చాలంటే, ముప్ఫై లక్షల దినాల ఆహారం, ఎనిమిది వేల సంవత్సరాలకు పైబడిన భోజనం కావాలి. ఇది అమలాపురంలో ఒక మూల కురిసే జల్లు మాట. పరిపక్వమైన తుపానులో మేఘాల ద్వారా, వర్షాల ద్వారా విడుదలయ్యే ఉష్ణశక్తి ప్రపంచమంతటి విద్యుదుత్పాదన సామర్థ్యానికి వందరెట్లకు మించినదని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ శక్తి సూర్యుడు సముద్రానికి ఇచ్చినది. శక్తి పుట్టదు, నశించదు, రూపం మాత్రం మారుతుంది. ఈ నియమాన్ని అంగీకరించినవాడు స్టార్మ్ దేహంలో తుపాను ఉన్నదని అంగీకరించలేడు.

ఇక్కడ ప్రతివాది ఊరకుండడు. ‘ఆమె శక్తిని సృష్టించదు, ప్రకృతిలో ఉన్న శక్తిని ప్రేరేపిస్తుంది. గడియ తీస్తే చాలు, తలుపును గాలే తోస్తుంది’ అంటాడు. ఇది బలమైన వాదమే. 1946లో విన్సెంట్ షేఫర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు మేఘంలో ఘనీభవించిన కార్బన్ డయాక్సైడును చల్లి హిమకణాలను పుట్టించాడు. మేఘమథనం ఆ ప్రయోగం నుండి పుట్టినదే. 2000 దశకంలో ఆంధ్రప్రదేశ్‌లోనూ దానిని అనుసరించారు. కానీ ఉన్న మేఘాన్ని కొంత త్వరపెట్టడం వేరు, తుపానును శాసించడం వేరు. 1962 నుండి 1983 వరకు అమెరికా ప్రభుత్వం ‘స్టార్మ్‌ఫ్యూరీ’ అనే పథకం కింద తుపానులలో సిల్వర్ అయొడైడ్ చల్లి వాటిని బలహీనపరచాలని ప్రయత్నించింది. ఆ ద్రవ్యం పనిచేయడానికి అవసరమైన అతిశీతల జలం తుపానులలో తగినంత లేదని తేలింది. తమ ప్రయోగఫలమని తలచిన మార్పులు ఏ ప్రయోగమూ లేని తుపానులలో కూడ సహజంగానే కలుగుతాయని కూడ తేలింది. పథకం ముగిసింది.

మరింత లోతైన అడ్డంకిని ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో చూపాడు. వాతావరణంలో సూక్ష్మమైన భేదం కాలక్రమేణ మహాభేదంగా పెరుగుతుంది. కనుక చిన్న ప్రేరణ పెద్ద ఫలాన్ని ఇవ్వవచ్చు. అయితే ఆ ఫలం ఏమిటో ముందుగా నిర్ణయించాలంటే ప్రతి వాయుకణపు స్థితిని లోపం లేకుండా ఎరిగి ఉండాలి. అనగా తుపానును తన ఇచ్ఛానుసారం నడపదలచినవాడికి బలం చాలదు, సర్వజ్ఞత్వం కావాలి. విజ్ఞానశాస్త్రం ఇక్కడ ఈశ్వరుని నిరూపించిందని అనడం అతిశయోక్తి అవుతుంది. పరిమితజ్ఞానం గల జీవునికి ఆ అధికారం పొసగదని మాత్రం అది స్పష్టం చేస్తుంది.

వేదాంతం చెప్పేది కూడ ఇదే. బ్రహ్మసూత్రాల చివరి పాదంలో జగద్వ్యాపారాధికరణం ఉన్నది. సగుణోపాసన వలన బ్రహ్మలోకాన్ని పొందిన ముక్తునికి సమస్త ఐశ్వర్యమూ లభిస్తుంది గాని, జగత్తు సృష్టిస్థితిలయాలను నడిపే అధికారం మాత్రం లభించదని అక్కడి సిద్ధాంతం. శంకర భగవత్పాదులు ఇచ్చిన హేతువులలో ఒకటి ఎంతో సూటిగా ఉంటుంది: అనేకులకు ఆ అధికారం ఉంటే, ఒకరు నిలపాలని, మరొకరు లయం చేయాలని సంకల్పిస్తే విరోధం రాదా? యోగశాస్త్రం భూతజయాన్ని అంగీకరిస్తుంది. అయితే యోగి సమర్థుడైనా పదార్థాల స్వభావాన్ని తలక్రిందులు చేయడని, అవి అలా ఉండాలన్నది పూర్వసిద్ధుడైన ఈశ్వరుని సంకల్పం కావడమే అందుకు కారణమని వ్యాసభాష్యం స్పష్టంగా చెప్పింది. సిద్ధులు బహిర్ముఖునికి సంపదలు, సమాధికి విఘ్నాలు అని పతంజలి స్వయంగా హెచ్చరించాడు. కనుక స్టార్మ్‌ను చూపి ‘ఇది మన యోగమే’ అని గర్వించడం యోగశాస్త్రం వద్దన్నదానినే తలకెత్తుకోవడం.

సామవేదానికి చెందిన కేనోపనిషత్తులోని యక్షోపాఖ్యానం ఈ సందర్భంలో మననం చేయదగినది. అసురులపై జయం తమదేనని దేవతలు గర్వించారు. ఎదుట ఒక యక్షం నిలిచింది. సమస్తాన్నీ దహిస్తానన్న అగ్ని ముందు ఒక గడ్డిపరకను ఉంచింది. అగ్ని దానిని కాల్చలేకపోయాడు. సమస్తాన్నీ ఎగురగొడతానన్న వాయువు ముందు అదే గడ్డిపరకను ఉంచింది. వాయువు దానిని కదలించలేకపోయాడు. ఆ యక్షం బ్రహ్మమని, దేవతల జయం బ్రహ్మముదేనని ఉమాహైమవతి ఇంద్రునికి తెలిపింది. పాశర్లపూడి అగ్నినీ, 1996 నాటి వాయువునూ ఎరిగిన కోనసీమవాసికి ఈ కథ కల్పనగా తోచదు. భూతాధిదేవతల శక్తే స్వంతం కానప్పుడు, భూతాలను శాసించే వ్యక్తి కోసం వెదకడం ఏమి వివేకం? వాయుపుత్రుడైన హనుమంతుడు కూడ లంకలో తన బలాన్ని ప్రకటించినప్పుడు తనను రామదాసునిగానే చెప్పుకున్నాడు. కామిక్ నాయికకూ ఆంజనేయునికీ భేదం బలంలో లేదు, ఆ బలం ఎవరిదన్న ఎరుకలో ఉన్నది.

అట్లైన ఆ తల్లి ప్రశ్నకు సమాధానం ఏది? అది ఆమె కుమారుని కర్మఫలమని చెప్పడానికి కొందరు తొందరపడతారు. ఇతరుల కర్మగతిని చదివే చూపు తమకు ఉన్నదని భావించడం కూడ సిద్ధిగర్వంలో ఒక రూపమే. కర్మసిద్ధాంతం తన దుఃఖాన్ని తాను సహించడానికి, తనను తాను దిద్దుకోవడానికి ఉపదేశించినది. పరుని దుఃఖాన్ని తేల్చివేయడానికి కాదు. ఇక్కడ భాగవతం దశమస్కంధం చూపిన దారి ఉన్నది. ఇంద్రుడు వ్రేపల్లెపై ప్రళయవర్షం కురిపించినప్పుడు శ్రీకృష్ణుడు వర్షాన్ని ఆపలేదు. ఆపగలవాడే అయినా గోవర్ధనాన్ని ఎత్తి, గోవులకూ గోపకులకూ దాని కింద ఏడు దినాలు చోటు ఇచ్చాడు. ప్రకృతిధర్మాన్ని భంగపరచకుండ ప్రాణులను రక్షించిన తీరు అది. సర్వశక్తుడు ఆశ్రయం కల్పించి చూపినప్పుడు, అల్పశక్తులైన మానవులకు కర్తవ్యం ఏదో చెప్పనక్కరలేదు.

కోనసీమ ఈ పాఠాన్ని మరొక రూపంలో ఎరుగును. 1852లో ధవళేశ్వరం ఆనకట్టను పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ గోదావరిని శాసించలేదు. దాని వాలును కొలిచి, దాని స్వభావానికి లోబడి కాలువలు తవ్వించాడు. ఈ డెల్టాలో స్నానసంకల్పవేళ ఆయనను స్మరించే వైదికులు ఉన్నారంటే, ఆ నియమబద్ధమైన సేవలోనే వారు దైవీసంపదను చూశారన్నమాట. అలల వేగాన్ని తగ్గించే మడ అడవిని నరకకుండ కాపాడడం, తుపాను హెచ్చరిక వినగానే పడవను ఒడ్డుకు చేర్చడం, నడవలేని వృద్ధురాలిని రక్షణభవనానికి మోసుకుపోవడం నేటి గోవర్ధనోద్ధరణలు. హెచ్చరికను పెడచెవిన పెట్టి ‘స్వామివారు గాలిని మళ్లిస్తారు’ అని ఇంట కూర్చోవడం భక్తి కాదు. అది భగవంతుని కామిక్ నాయకునిగా భావించడం.

ప్రార్థన వ్యర్థమా అంటే, కాదు. అంతర్వేది నరసింహుని ఎదుట నిలిచి గాలిని ఆపమని అడిగే భక్తుని ఆర్తిని ఎవరూ తప్పుపట్టరాదు. ఆర్తుడు కూడ సుకృతియే అని గీతాచార్యుని అభిప్రాయం. అయితే ఆ ప్రార్థన పక్వమైన కొలది ‘గాలిని ఆపు’ అన్న కోరిక ‘గాలిలో నిలిచే బలమిమ్ము, పక్కవాని చేయి విడువని బుద్ధినిమ్ము’ అన్న శరణాగతిగా మారుతుంది. అటువంటి బుద్ధి కలగడానికి విజ్ఞానశాస్త్రంలో ఏ నియమమూ అడ్డు రాదు.

స్వస్తి.