కేంద్రం ఊళ్ళో, పిల్లలు వాడలో

అంగన్‌వాడీ అంటే ఒక్కపూట పప్పన్నం పెట్టే కొట్టం కాదు. గర్భిణికీ, బాలింతకీ తిండి, ఆరేళ్ళలోపు పిల్లలకు టీకాలు, బరువు చూడ్డం, బడికి ముందు చదువు – ఇవన్నీ ఒక్కచోట అందాలని 1975 అక్టోబరు 2న ఈ పథకం మొదలెట్టారు. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఎన్నో ఊళ్ళలో కేంద్రం ఎక్కడుంది? ఊరి నడుమ, పెద్దిళ్ళ పక్కన!

తల్లి కూలికెళ్తే మూడేళ్ళ మాదిగ పిల్ల అంత దూరం ఒక్కతే ఎట్లా పోద్ది? పోయినా మూలన కూచోబెడితే రేపు మళ్ళీ పోద్దా? 'వాడ పిల్లలు రావట్లేదు' అని రిజిస్టర్లో రాస్తారు. ఎందుకు రావట్లేదో రాయరు. ఆ పిల్లలు ఒకటో తరగతికొచ్చేసరికే వెనకబడి ఉంటారు. బళ్ళో మేం రోజూ చూస్తున్నదే ఇది.

వాడలో పెడితే ఊరి పిల్లలు రారంటారు. ఇన్నేళ్ళూ మన పిల్లలు అటు నడవలేదా? వాళ్ళు ఇటు నడిస్తే కాళ్ళరుగుతాయా?

మనం అడిగేది దయ కాదు, హక్కు. దళిత, ఆదివాసీ వాడల్లోనే ముందు కేంద్రాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. కేంద్రం లేని వాడలో ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉంటే, అడిగిన మూడు నెలల్లో ఇవ్వాలని 2006లో చెప్పింది. 2013 ఆహార భద్రత చట్టం ఆ తిండిని హక్కు చేసింది.

అందుకే వాడలో కూచుందాం. పిల్లల్ని లెక్కపెడదాం. తల్లుల సంతకాలు, వేలిముద్రలు తీసుకుందాం. అర్జీ రాసే పని చదువుకున్న మాది. ఆఫీసు ముందు నిలబడే పని అందరిదీ. రసీదు తీసుకోకుండా మాత్రం తిరిగి రావద్దు.

జై భీమ్!