తొలి సూదితోనే ఆగిపోతున్న టీకాలు
జ్వరమంటే భయం, కూలి నష్టం, వలసలే కారణం

మహబూబ్‌నగర్: టీకా అంటే తలుపులు మూసుకునే రోజులు పోయాయి. బిడ్డ పుట్టగానే వేసే బీసీజీ దేశంలో వందకు 95 మంది పిల్లలకు అందినట్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. అయితే ఏడాది దాటిన పిల్లల్లో ప్రాథమిక టీకాలన్నీ పడినవారు 76 మందే. అంటే సమస్య టీకా వద్దనేవారితో కాదు, మొదలుపెట్టి మధ్యలో మానేసేవారితో.

మానడానికి మొదటి కారణం జ్వరం. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ సూది కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం సహా ఐదు జబ్బుల నుంచి కాపాడుతుంది. వేసిన తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్లు కాగడం, తొడ వాచడం మామూలే. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే, బాగున్న బిడ్డకు జ్వరం తెచ్చారని ఇంట్లో పెద్దలు తల్లినే తప్పుపడతారు. రెండోసారి ఆమె గడప దాటదు. బీసీజీ వేసిన చోట కొన్ని వారాలకు పొక్కు లేచినా ఇదే భయం. అది దానంతటదే మానుతుంది, మందులు పూయనక్కరలేదు. మూర్ఛ వచ్చినా, ఏడుపు ఆపకపోయినా మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

రెండోది కూలి. టీకాలు వేసే బుధ, శనివారాల్లో నాట్లు, కలుపు పని ఉంటే తల్లి ఒక పూట కూలి వదులుకోవలసిందే.

మూడోది వలస. పాలమూరు నుంచి పొట్ట చేతపట్టుకొని పోయే కుటుంబాల్లో టీకా కార్డు ఇంట్లోనే ఉండిపోతుంది. పోయిన చోట ఎవరిని అడగాలో తెలియదు. దేశంలో ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా ఈ టీకాలు ఉచితమేనని, ఆగిన చోటి నుంచే కొనసాగించవచ్చని చాలామందికి చెప్పేవారు లేరు.

జబ్బులు కంటికి కనిపించకపోవడం కూడా ఉదాసీనతకు కారణం. మశూచి దేశంలో 1975తో ఆగింది. పోలియో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. నేటి తల్లులు వాటిని చూడలేదు. కానీ కంఠసర్పి, తట్టు ఇంకా పోలేదు. తట్టు సోకిన ఒక్క బిడ్డ నుంచి టీకా లేని 12 నుంచి 18 మందికి అంటుకోగలదు. అమ్మవారు పోసిందని వేపాకులు కట్టి ఊరుకుంటే, బలం లేని బిడ్డకు నిమోనియా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. కళ్లు పోవచ్చు. దీనికి తొమ్మిది నెలలు నిండగానే ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది వేయించాలి. ఏడాది దాటగానే పని అయిపోయిందనుకోవడం పొరపాటు. ఐదేళ్లు నిండాక కూడా ఒక సూది ఉంది.

సూది వేయడంతో సిబ్బంది పని తీరదు. జ్వరం గురించి తల్లికే కాదు, అత్తగారికీ చెప్పాలి. పనుల కాలంలో సాయంత్రం పూట కూడా టీకాలు వేసే ఏర్పాటు అవసరం. వలస పోయేవారు రేషన్ కార్డుతో పాటు టీకా కార్డునూ మూటలో పెట్టుకొనేలా చూడవలసిన బాధ్యత పంచాయతీలపైనా ఉంది.