తొట్టి ముందా, అంగడి ముందా?

డిసెంబరు మొదటి వారం వచ్చిందంటే చాలు, మా ఇబ్రహీంపట్నం మొదలు మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల దాకా దుకాణాల ముఖాలు మారిపోతాయి. నక్షత్రాలు వేలాడతాయి. దూది అంటించిన ప్లాస్టిక్ చెట్లు గుమ్మాల్లో నిలబడతాయి. పుట్టి బుద్ధెరిగి మంచుగడ్డ కురవడం చూడని మన ఊళ్లలో, క్రిస్మస్ తాత ఎర్రకోటు తొడుక్కుని బట్టలకొట్టు ముందు గంట వాయిస్తాడు. పిల్లలు మిఠాయి కోసం చేతులు చాస్తారు. పిల్లలు నవ్వుతూంటే కాదనడానికి మనమెవరం!

కాని ఒక ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది. ఈ హడావుడిలో, పుట్టినరోజు ఎవరిదో ఆయనకు చోటు దొరికిందా? లూకా చెప్పిన కథలో సత్రంలో చోటు లేక పసిబిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. ఇరవై శతాబ్దాలు గడిచినా ఆ బిడ్డకు చోటు వెతకవలసిన పని మనకు తప్పలేదన్న మాట.

వ్యాపారం ఈ పండుగలోకి నిన్న మొన్న వచ్చిందనుకోకండి. 1843లో లండనులో హెన్రీ కోల్ అనే పెద్దమనిషి, బంధుమిత్రులందరికీ ఉత్తరాలు రాసే తీరిక లేక, హోర్స్‌లీ అనే చిత్రకారునిచేత ఒక కార్డు గీయించి వెయ్యి ప్రతులు అచ్చువేయించాడు. తాను వాడుకోగా మిగిలినవి షిల్లింగుకు ఒకటి చొప్పున అమ్మకానికి వెళ్లాయి. ఇక క్రిస్మస్ తాతకు మూలపురుషుడు నాలుగవ శతాబ్దంలో మైరా పట్టణపు బిషప్పు నికొలస్. పేదలకు మూడో కంటికి తెలియకుండా సహాయం చేసేవాడని ఆయనకు ప్రతీతి. 1931 నుంచి హాడెన్ సండ్‌బ్లామ్ కోకాకోలా ప్రకటనలకు వేసిన బొమ్మల్లో ఆ తాత లోకమంతా తిరిగాడు. గుట్టుగా ఇచ్చినవాని పేరు చెప్పి బాహాటంగా అమ్మకం సాగింది. విడ్డూరం కాక మరేమిటి?

అలాగని కొత్తబట్టలే వద్దనేవారితో నేను ఏకీభవించను. ఏడాది పొడుగునా బీడీలు చుట్టి సంసారం ఈదే తల్లి, పిల్లలకు కొత్తబట్ట తొడిగి గుడికి తీసుకుపోవడం ఆడంబరం కాదు, గౌరవం. పెనిమిటి గల్ఫులో వుంటాడు. పండుగనాడు ఫోనులో ఆయన ముఖం చూడడమే ఆ ఇంటికి పెద్ద వేడుక. పక్కింటివారి దీపాల తోరణం చూసి, ఎక్కడ తక్కువైపోతామో అని ఆమె నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినప్పుడే చిక్కంతా. కేకు ఒక్క పూటలో అయిపోతుంది. వడ్డీ ఈస్టరు దాకా నడుస్తుంది. రక్షకుడు పుట్టాడన్న వార్త ఆ ఇంటికి ఊరట తెచ్చిందా, బరువు తెచ్చిందా?

ఖర్చే పాపమైతే మెదకు చర్చిని ఏమనాలి? రెండువందల అడుగుల పొడవు, నూరడుగుల వెడల్పు, నూట డెబ్బై అయిదు అడుగుల గోపురం! 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్‌నాడు ప్రతిష్ఠ జరుపుకుంది. 2024లో నూరేళ్లు నిండాయి. కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కరువుకాలంలో జనానికి పని చూపి, కడుపు నింపడానికే ఆ నిర్మాణం సాగించాడని ప్రసిద్ధి. అక్కడి రంగుటద్దాల కిటికీల్లో ఒకదానిమీద క్రీస్తు జననం వుంటుంది. దానికి విద్యుద్దీపం పనికిరాదు. సూర్యకాంతి పడితేనే బొమ్మ కనబడుతుంది. కాబట్టి ఎంత ఖర్చు పెట్టామన్నది అసలు లెక్క కాదు. ఆ ఖర్చు ఎవరి ఆకలి తీర్చిందన్నది లెక్క.

దోర్నకల్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఈ లెక్క బాగా తెలిసిన మనిషి. 1912లో బిషప్పయిన ఆయన, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు. క్రైస్తవుడు ఇచ్చే కానుకను గురించి ఒక పుస్తకమే రాశాడు. మన పల్లె సంఘాల్లో పిడికెడు బియ్యం అలవాటు చాలామంది ఎరిగిందే. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తుంది. అది దేవునికి. ఇచ్చిన తరువాతే తినడం. అంగడి మనకు నేర్పేది సరిగ్గా దీనికి తిరకాసు: ముందు కొను, తిను, మిగిలితే ఇయ్యి.

పాటలకూ పద్యాలకూ మనకు కొదవలేదు. పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలు మన గుళ్లలో మోగుతూనే వున్నాయి. అంటరానితనం చేదు చవిచూసిన గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’ రాస్తే, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఇంటిల్లిపాదీ కూచుని రోజుకు నాలుగు పద్యాలు చదువుకుంటే అయ్యే ఖర్చెంత?

క్రిస్మసుకు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలం వుంది. అది ఎదురుచూపుల కాలమే కాని బేరాల కాలం కాదు. మొదటి ఆదివారం పిల్లలతో కలిసి వెదురుబద్దలు, రంగుకాగితాలతో నక్షత్రం కట్టండి. కడుతూ కడుతూ ఆ నక్షత్రం ఎవరి ఇంటిమీద నిలిచిందో కథ చెప్పండి. రెండో ఆదివారం పండుగ ఖర్చు ఇంతని ఇంటిల్లిపాదీ కలిసి గీత గీయండి. గీత దాటి అప్పు చేయకండి. మూడో ఆదివారం పండుగ భోజనానికి ఎవరిని పిలవాలో తేల్చండి. వీధి చివర ఒంటరిగా వుండే ముసలవ్వను, వేరే రాష్ట్రం నుంచి పనికి వచ్చిన కుర్రవాణ్ణి తలుచుకోండి. నాలుగో ఆదివారం ఆ కుండలోని బియ్యం కొలవండి.

ఇవన్నీ అయ్యాక బజారుకు వెళ్లండి. బట్టలూ కొనండి, కేకూ కొనండి. అంగడి ఎక్కడికీ పోదు. మన గడపలోకి ఎవరిని ముందు రానిస్తామన్నదే మన చేతిలో వున్న సంగతి.