గాలి ఆగాక మొదలయ్యే నష్టం

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరం తూర్పు భాగంలో ఒక వినోద పార్కు ముందు 'తుపాను కారణంగా మూసివేశాం' అన్న బోర్డు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. 2005 ఆగస్టు చివరి వారంలో కత్రినా హరికేన్ వస్తోందని తెలిసి సిబ్బంది ఆ అక్షరాలు పెట్టి వెళ్లారు. రెండు మూడు రోజుల్లో తిరిగి వస్తామనే అనుకుని ఉంటారు. ఆ గేటు సందర్శకుల కోసం మళ్లీ తెరుచుకోలేదు. 2024లో, అంటే పందొమ్మిదేళ్ల తర్వాత, తుప్పుపట్టిన రైడ్లను కూల్చే పని మొదలైంది.

తుపాను మర్నాడు పత్రికల్లో ఒరిగిన జెయింట్ వీల్, ఎగిరిపోయిన పైకప్పు, వేళ్లతో సహా పడిపోయిన చెట్టు కనిపిస్తాయి. నష్టమంటే అదేననుకుంటాం. విరిగిన ఇనుమును మార్చవచ్చు, కప్పును మళ్లీ వేయవచ్చు. గత ఇరవై ఏళ్ల అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే పార్కులను పాడుబెట్టినవి వేరే. గాలి ఆగాక కూడా రాని కరెంటు, దిగని నీరు, తీగల్లో మిగిలిపోయిన ఉప్పు, ఎవరి బాధ్యతో తేలని ఒప్పందం. ఇవి తుపాను పుట్టకముందే, స్థలం చూసిన రోజునే చాలావరకు నిర్ణయమైపోతాయన్నది నా అభిప్రాయం.

న్యూ ఆర్లీన్స్ పార్కు 2000లో జాజ్‌ల్యాండ్ పేరుతో మొదలైంది. నగర పాలక సంస్థ ఫెడరల్ ప్రభుత్వం దగ్గర అప్పు తెచ్చి మరీ దానికి దన్నుగా నిలిచింది. మొదట నడిపిన సంస్థ నిలదొక్కుకోలేకపోతే 2002లో సిక్స్ ఫ్లాగ్స్ అనే పార్కుల కంపెనీ దీర్ఘకాలిక లీజుకు తీసుకుని, మరుసటి ఏడాది కొత్త పేరుతో తెరిచింది. అక్కడి పెద్ద రోలర్ కోస్టర్ మెగా జెఫ్‌కు పట్టాలు చెక్కవే అయినా, కింది చట్రాన్ని ఉక్కుతో కట్టారు. ఆ ఊళ్లో చెదలూ ఎక్కువ, తుపానులూ ఎక్కువ. ఆ జాగ్రత్త ఫలించింది కూడా. కత్రినా గాలికి మెగా జెఫ్ పడలేదు. కూల్చివేత యంత్రాలు వచ్చేదాకా నిలిచే ఉంది.

గాలికి సిద్ధమైన పార్కు నీటికి సిద్ధంగా లేదు. పల్లపు నేల కాబట్టి వరద రాకుండా చుట్టూ ఆరడుగుల మట్టికట్ట పోశారు. వాన నీటిని తోడి బయట పోసే బాధ్యత పంపులది. ఆగస్టు 29న నగర రక్షణకు కట్టిన గట్లు తెగి ఊరే మునిగినప్పుడు నీరు ఆ మట్టికట్టనూ దాటి లోపలికి వచ్చింది. పంపులు పనిచేయలేదు. రాకుండా ఆపాల్సిన కట్టే వచ్చిన నీటిని పోనీయకుండా ఆపింది, పార్కంతా చెరువైంది. నాలుగు నుంచి ఏడడుగుల లోతున, ఉప్పు కలిసిన నీరు వారాల తరబడి నిలిచింది. మోటార్లు, కంట్రోల్ ప్యానెళ్లు, కేబుళ్లు, బేరింగులు అన్నీ అందులోనే నానాయి.

ఇందులో ఒక్క మినహాయింపు ఉంది, ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అదే. బ్యాట్‌మ్యాన్ పేరుతో ఉన్న రోలర్ కోస్టర్ స్టేషన్‌నూ యంత్రాలనూ ఎత్తయిన వేదిక మీద కట్టారు. దానికి పెద్దగా ఏమీ కాలేదు. కంపెనీ దాన్ని విప్పించి టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో పార్కుకు తరలించి, 2008లో గోలియత్ అన్న కొత్త పేరుతో నడపడం మొదలుపెట్టింది. తుపాను ఒకటే, వరద ఒకటే, పార్కూ ఒకటే. కొన్ని అడుగుల ఎత్తు ఒక యంత్రాన్ని బతికించింది.

తర్వాతి పోరాటం కాగితాల మీద జరిగింది. 2006లో కంపెనీ ఇక బాగుచేయలేమని చేతులెత్తేసింది. లీజు ప్రకారం మళ్లీ కట్టాల్సిందేనని నగరం పట్టుబట్టింది. తుపాను తెచ్చిన వరదను బీమా పాలసీలో 'వరద' కింద లెక్కకట్టాలా, 'తుపాను' కింద లెక్కకట్టాలా అన్న వివాదం కోర్టుకెక్కింది. రెండు పదాల మధ్య కోట్ల డాలర్ల తేడా ఉంది. 2009లో కంపెనీ దివాలా రక్షణ కోరాక స్థలం నగరం చేతికి తిరిగివచ్చింది. పార్కు లేదు, దాని పేరిట తెచ్చిన అప్పు మాత్రం పన్ను కట్టే జనం మీద ఏళ్లపాటు ఉండిపోయింది. ఎన్నో ప్రతిపాదనలు వచ్చాయి, పోయాయి. ఆ పాడుబడ్డ ఆవరణలో సినిమా షూటింగులు జరిగాయి.

ఉప్పునీరు చేసే పని ఎంత నెమ్మదిగా సాగుతుందో న్యూజెర్సీ తీరంలోని సీసైడ్ హైట్స్ చూపించింది. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను అక్కడి రేవుకట్ట మీద ఉన్న జెట్ స్టార్ రోలర్ కోస్టర్‌ను నిలువునా సముద్రంలోకి దించేసింది. అలల మధ్య నిలిచిన ఆ ఇనుప చట్రం ఫొటో ప్రపంచమంతా తిరిగింది. మరుసటి ఏడాది మే నెలలో దాన్ని విప్పి తీసేశారు. నడకదారి చెక్కలు కొత్తగా వేశారు, దుకాణాలు తెరుచుకున్నాయి, వేసవి గడిచింది. గండం గడిచిందనే అందరూ అనుకున్నారు. 2013 సెప్టెంబరు 12న ఆ నడకదారి కింద మంటలు లేచాయి. గాలికి వ్యాపించి యాభైకి పైగా దుకాణాలనూ వ్యాపారాలనూ బూడిద చేశాయి. ఫన్‌టౌన్ పియర్ అనే మరో రేవుకట్టలో శాండీ దెబ్బకు మిగిలిన భాగం ఆ మంటల్లో పోయింది, దాన్ని తిరిగి కట్టలేదు. శాండీ నాటి ఉప్పునీరు, ఇసుక చేరి పాడైన విద్యుత్ తీగల వల్లే నిప్పు పుట్టిందని దర్యాప్తు అధికారులు తేల్చారు. తుపాను వెళ్లిపోయిన పది నెలలకు పైగా ఆ తీగలు చెక్కల కింద, ఎవరి కంటా పడకుండా కరెంటు మోస్తూనే ఉన్నాయి. రాగి తీగకు పట్టిన ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటూ లోహాన్ని తింటూనే ఉంటుంది. బీచ్ రోడ్డులో ఇల్లున్న విశాఖవాసికి ఇది కొత్త సంగతి కాదు, కిటికీ ఊచలు చూసి తెలుసుకున్నదే.

ఇక రైడ్ నడుస్తుండగానే కరెంటు పోతే ఏమవుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. అక్కడ ఇంజినీర్లు చేసిన పని మెచ్చుకోదగ్గది. రోలర్ కోస్టర్ బండి గొలుసు పట్టుకుని పైకెక్కేటప్పుడు టకటకమని వినిపించే చప్పుడు, వెనక్కి జారకుండా పట్టే ఇనుప పళ్లది. గొలుసు ఆగినా బండి ఉన్నచోటే ఉంటుంది. గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకులను ఒత్తిడి ఉంటేనే తెరుచుకునేలా, పోతే వాటంతట అవే బిగిసేలా అమరుస్తారు. శాశ్వత అయస్కాంతాలతో పనిచేసే బ్రేకులకైతే కరెంటుతో పనే లేదు. జనాన్ని పక్కనున్న మెట్ల మీదుగా నడిపించి దించుతారు. జెయింట్ వీల్ దగ్గర పని కొంచెం కష్టం. జనరేటర్‌తోనో మనుషుల బలంతోనో తిప్పుతూ, బరువు ఒకవైపే పడకుండా ఎదురెదురు తొట్లను వంతులవారీగా ఖాళీ చేయాలి. ప్రాణాల రక్షణకు ఇంత ఆలోచించిన చోట, ఆ యంత్రానికి కరెంటు తెచ్చే ఫీడర్ ఏ పల్లంలోంచి వస్తోంది, ప్యానెల్ గది నేలకు ఎంత ఎత్తున ఉంది అన్న ప్రశ్నలు వెనకబడిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆ ప్రశ్నలను మొదటిరోజే అడిగిన చోటూ ఒకటుంది. అమెరికా వెళ్లిన మనవాళ్లు ఎందరో చూసొచ్చే ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ చిత్తడి నేలలో పుట్టింది. 1967లో ఫ్లోరిడా చట్టసభ ఆ భూమికి రీడీ క్రీక్ పేరుతో ప్రత్యేక పాలక మండలిని ఏర్పరిచింది. కాలువలు తవ్వడం, కరెంటు సరఫరా, భవన నిబంధనలు అన్నీ ఆ మండలి చేతికే వచ్చాయి. 1971లో గేటు తెరిచేనాటికే నీరు పోయే దారులు సిద్ధమయ్యాయి. మ్యాజిక్ కింగ్‌డమ్ కింద సిబ్బంది తిరిగే సొరంగాలను భూమిలోకి తవ్వలేదు. భూగర్భ జలం అంత పైన ఉంది కాబట్టి వాటిని నేల మీదే కట్టి, చుట్టూ మట్టి పోసి, ఆ పైన పార్కు కట్టారు. 2024 అక్టోబరు 9 రాత్రి మిల్టన్ హరికేన్ తీరం దాటినప్పుడు ఫ్లోరిడాలో 30 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. డిస్నీ పార్కులు 11వ తేదీన తెరుచుకున్నాయి. ఒక ప్రైవేటు కంపెనీకి ప్రభుత్వపు అధికారాలు కట్టబెట్టడం మనం అనుసరించదగ్గ మార్గమని నేను అనను, అక్కడే అది పెద్ద రాజకీయ వివాదమై 2023లో ఆ మండలి కంపెనీ చేయి దాటిపోయింది. నేర్చుకోవాల్సింది పనుల క్రమం. ముందు కాలువ, తర్వాత కేబుల్, ఆ తర్వాతే రైడ్.

మనకు ఈ పాఠం 2014 అక్టోబరు 12న, ఆదివారం మధ్యాహ్నం అందింది. హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల వేగపు గాలులతో విశాఖపట్నం మీదుగానే తీరం దాటింది. కైలాసగిరి మీద పచ్చదనం ఒక్క పూటలో మాయమైంది. కంబాలకొండ అడవి మోడువారింది. 625 ఎకరాల ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలలో చెట్లు కూలి, గోడలు పడి, సందర్శకులకు చాలా రోజులు గేటు మూశారు. విమానాశ్రయం పైకప్పే నిలవలేదు. అయినా ఊరివాళ్లను అడిగితే ముందు చెప్పేది గాలి గురించి కాదు, ఆ తర్వాతి చీకటి రోజుల గురించి. వేల స్తంభాలు నేలకొరిగి కరెంటు పోయింది. కరెంటు లేక నీళ్ల పంపులు ఆగాయి, సెల్ టవర్లు మూగబోయాయి, పెట్రోలు బంకుల ముందు బారులు కట్టారు. పాల ప్యాకెట్ కోసం తిరిగినవాళ్లు ఎందరో.

ఆ అనుభవం నుంచి ఒక మంచి పని జరిగింది. 2015లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ పథకానికి ఆమోదం తెలిపింది. విశాఖలో విద్యుత్ తీగలను భూగర్భంలోకి మార్చడం, దెబ్బతిన్న బీచ్ ప్రాంతాన్నీ జంతు ప్రదర్శనశాలనూ కంబాలకొండనూ బాగుచేయడం ఒకే పథకంలోకి వచ్చాయి. విహార స్థలాన్నీ దానికి కరెంటు తెచ్చే తీగనూ ఒకే చూపుతో చూసిన సందర్భాలు మన దగ్గర అరుదు. అయితే కేబుల్ నేలలోకి వెళ్లగానే భయం తీరినట్టు కాదు. శాండీ రాత్రి న్యూయార్క్‌లో తీగలు భూమిలోనే ఉన్నాయి. నది ఒడ్డు సబ్‌స్టేషన్‌లోకి ఉప్పెన నీరు చేరి పెద్ద మెరుపుతో పేలిపోతే దిగువ మన్‌హట్టన్ చీకటైంది. గాలికి విరుగుడు భూగర్భ కేబుల్, నీటికి విరుగుడు ఎత్తు. తీరప్రాంతానికి రెండూ కావాలి.

ఇప్పుడు విశాఖ తీరంలో కొత్త ఆకర్షణలు వరసగా వస్తున్నాయి. కైలాసగిరి మీద గాజు వంతెన కట్టారు. ఆర్కే బీచ్‌లో 2024 ఫిబ్రవరిలో తేలియాడే వంతెన ప్రారంభించిన మరునాడే దాని చివరి భాగం విడిపోయి కనిపించింది. పరీక్ష కోసం తామే వేరుచేశామని అధికారులు చెప్పారు. తుపాను లేని రోజున వచ్చిన సందేహమది. మన తుపానుల కాలం ప్రధానంగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు. దసరా, దీపావళి, కార్తీక వనభోజనాలు, క్రిస్మస్ సెలవులూ అప్పుడే. ఏడాదిలో జనం ఎక్కువగా వచ్చే రోజుల్లోనే గండమూ ఉంది. గేటు మూస్తే ముందు ఖాళీ అయ్యేది టికెట్లు చించే కుర్రాడి జేబు, మొక్కజొన్న పొత్తులు కాల్చే అమ్మ గంప. యజమానికి బీమా ఉండవచ్చు, వాళ్లకు ఉండదు.

అనుమతులిచ్చే విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థకూ, మహానగర పాలక సంస్థకూ, విద్యుత్ పంపిణీ సంస్థకూ నా విన్నపం ఒకటే. తీరాన కొత్త వినోద స్థలం దస్త్రం బల్ల మీదికి వచ్చినప్పుడు, ప్యానెల్ గది ఎంత ఎత్తున ఉందో, నీరు ఏ కాలువలోకి పోతుందో, ఉప్పునీరు తగిలిన తీగలను ఎవరు ఎప్పటిలోగా మారుస్తారో, మూసిన రోజుల్లో రోజుకూలీలకు ఎవరు చెల్లిస్తారో అందులో రాసి ఉందా అని చూడండి. రాసి లేకపోతే సంతకం పెట్టకండి.